మన క్వార్టర్ల వెనుక మనిషి: హబీబ్ రెహమాన్



మీలో చాలామంది ఇంటి చిరునామా ఒక లెక్కలాగా ఉంటుంది. సెక్టారు నంబరు, బ్లాకు నంబరు, క్వార్టరు నంబరు, అంతే. అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డరు వస్తే ఆ అంకెలు మారతాయి. ఊరు మారుతుంది, బడి మారుతుంది, పక్కింటివారి భాష మారుతుంది. కొత్త క్వార్టరు తాళం తీసి లోపలికి వెళ్తే మాత్రం ఎక్కడో చూసిన ఇల్లే అనిపిస్తుంది. తెలుగు చెబుతూ ఊరూరూ తిరిగిన మాకూ ఇది కొత్త కాదు.

గుమ్మం పక్కన చిన్న పలక మీద ఇంట్లో ఉండేవారి పేరు రాస్తారు. ఆ ఇంటిని మొదట కాగితం మీద గీసినవారి పేరు ఎక్కడా కనబడదు. అందుకే ప్రభుత్వ క్వార్టర్లు వాటంతట అవే మొలిచాయేమో అన్నట్టు మనం చూస్తాం. కానీ కిటికీ ఎటువైపు ఉండాలి, దాని పైన సజ్జ ఎంత ముందుకు రావాలి, మెట్ల దగ్గర వెలుతురు ఎలా పడాలి అని ఒకరు కూర్చుని ఆలోచించారు. అలా ఆలోచించినవారిలో ఒక పెద్ద పేరు హబీబ్ రెహమాన్. రాష్ట్రపతుల సమాధులూ, రవీంద్రుడి పేర కట్టిన భవనమూ, గుమస్తాలూ అధికారులూ ఉండే ఫ్లాట్లూ ఒకే చేతితో గీసిన ప్రభుత్వోద్యోగి ఆయన. ఆయన జీవితాన్ని మీకు పరిచయం చేయాలనుకుంటున్నాం.

కలకత్తా నుంచి అమెరికాకు

హబీబ్ రెహమాన్ 1915లో కలకత్తాలో పుట్టారు. హుగ్లీ నది ఒడ్డున శిబ్‌పూర్‌లో ఉన్న బెంగాల్ ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. అంటే యంత్రాల చదువు. ఆ తరువాత ఆయన మనసు భవనాల వైపు తిరిగింది. మన దేశంలో ఆర్కిటెక్చర్ చదువుకునే చోట్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందువల్ల రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఆయన సముద్రాలు దాటి అమెరికా వెళ్లారు. బోస్టన్ నగరానికి ఆనుకుని ఉన్న కేంబ్రిడ్జిలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరారు. అమెరికాలో ఆర్కిటెక్చర్‌ను మొట్టమొదట కాలేజీ చదువుగా మొదలుపెట్టింది ఆ సంస్థే. అక్కడినుంచి ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ పట్టా పుచ్చుకున్న తొలి భారతీయుడు రెహమాన్. అది 1944వ సంవత్సరం.

చదువయ్యాక ఆయన పని నేర్చుకున్నది వాల్టర్ గ్రోపియస్ అనే జర్మన్ వాస్తుశిల్పి దగ్గర. ఈ పేరు గుర్తుంచుకోదగ్గది. 1919లో జర్మనీలోని వైమార్ పట్టణంలో బౌహౌస్ అనే కళాశాలను స్థాపించినవారు గ్రోపియస్. ఇల్లంటే రాజులకూ ధనవంతులకూ మాత్రమే చెందిన అందమైన వస్తువు కాదు, ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికీ గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు తక్కువ ఖర్చులో కట్టివ్వాలి అన్నది ఆ కళాశాల పట్టుదల. ఆ పట్టుదలతోనే గ్రోపియస్ 1926, 1928ల మధ్య డెస్సావ్ నగరంలో కార్మికుల కోసం ఒక కాలనీ కట్టించారు. ఒకే కొలతల భాగాలను పెద్ద సంఖ్యలో తయారుచేసి, వాటితో వరసగా ఇళ్లు లేపడం ఆ పద్ధతి. 1933లో నాజీల ఒత్తిడి వల్ల బౌహౌస్ మూతపడింది. గ్రోపియస్ దేశం విడిచి చివరకు అమెరికా చేరారు. ఇల్లు విడిచి వచ్చిన గురువు దగ్గర, ఇంటికి దూరంగా వచ్చిన శిష్యుడు పని నేర్చుకున్నాడన్నమాట.

రెహమాన్ కొంతకాలం న్యూయార్క్‌లో ఎలీ జాక్ కాన్ అనే వాస్తుశిల్పి దగ్గర కూడా పనిచేశారు. ఆకాశాన్ని తాకే మేడలకు న్యూయార్క్ అప్పటికే పేరుపొందిన ఊరు. ఇలా ఒకచోట పొదుపైన ఇళ్ల లెక్క, ఇంకోచోట ఎత్తైన మేడల లెక్క నేర్చుకుని 1946లో ఆయన కలకత్తా తిరిగి వచ్చారు. మరుసటి ఏడు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. పశ్చిమ బెంగాల్ ప్రజా పనుల శాఖలో ఆయన సీనియర్ ఆర్కిటెక్ట్ అయ్యారు.

ఒక ఘాట్ తెచ్చిన బదిలీ

1948 జనవరి 30న గాంధీజీ మరణించారు. ఆయన చితాభస్మాన్ని దేశంలోని ఎన్నో నదుల్లో కలిపారు. కలకత్తాకు ఉత్తరాన బరాక్‌పూర్ దగ్గర హుగ్లీలో కలిపిన చోట ఒక స్మారకం కట్టాలని బెంగాల్ ప్రభుత్వం తలపెట్టింది. ఆ పని రెహమాన్ చేతికి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్లు.

గాంధీజీ ఏ ఒక్క మతానికీ చెందని పెద్దమనిషి. ఆయన గుర్తును ఏ ఆకారంలో కట్టాలి? రెహమాన్ గుడి శిఖరాన్నీ, మసీదు గుమ్మటాన్నీ, క్రైస్తవుల శిలువనూ ఒకే కట్టడంలోకి తెచ్చారు. మూడింటినీ పక్కపక్కన అతికించలేదు. సాదా కాంక్రీటులో, ఒకదానిలోంచి ఒకటి వచ్చినట్టు తీర్చారు. దాన్ని 1949 జనవరి 15న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. కట్టడం ఆయనకు బాగా నచ్చింది. గీసినదెవరని వాకబు చేసి రెహమాన్‌ను కలిశారు.

ఆ తరువాత రెహమాన్ కలకత్తాలో కొత్త సచివాలయ భవనం గీశారు. అది 1954లో పూర్తయింది. ఉక్కు చట్రం మీద నిలబెట్టిన ఆ మేడ అప్పట్లో దేశంలోని అత్యంత ఎత్తైన భవనాల్లో ఒకటి. అది పూర్తయ్యే వేళకు రెహమాన్ కలకత్తాలో లేరు. నెహ్రూ ఆయన్ను 1953లో ఢిల్లీకి, కేంద్ర ప్రజా పనుల శాఖకు పిలిపించుకున్నారు. ఈ శాఖనే మనమంతా సీపీడబ్ల్యూడీ అంటాం. కుళాయి కారితే, ఫ్యాను తిరగకపోతే మన ఇంట్లోవాళ్లు ఫిర్యాదు రాయించే ఎంక్వయిరీ ఆఫీసు కూడా ఆ శాఖదే.

ఇళ్లు చాలని రాజధాని

రెహమాన్ వచ్చేనాటికి ఢిల్లీ ఎలా ఉందో తెలియాలంటే రెండు అంకెలు చూస్తే చాలు. 1941 జనాభా లెక్కల్లో ఢిల్లీ జనం 9,17,939. 1951లో 17,44,072. పదేళ్లలో ఊరు దాదాపు రెట్టింపయింది. దేశ విభజనతో పంజాబు నుంచీ సింధు నుంచీ లక్షలమంది కాందిశీకులు వచ్చి గుడారాల్లో, పాత కోటల్లో, బడి వరండాల్లో తలదాచుకున్నారు. మరోపక్క కొత్త ప్రభుత్వానికి కొత్త శాఖలు ఏర్పడుతున్నాయి. మద్రాసు నుంచీ బెంగాలు నుంచీ హైదరాబాదు నుంచీ ఉద్యోగాల మీద రైలు దిగేవారికి ఉండడానికి చోటు లేదు.

అంతకుముందు ఢిల్లీలో మేడల ఇళ్లు లేకపోలేదు. ఖాన్ మార్కెట్ దగ్గర ఉన్న సుజాన్ సింగ్ పార్కును 1945లో వాల్టర్ జార్జ్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి గీశారు. కట్టించింది కాంట్రాక్టరు శోభా సింగ్. ఎర్రటి ఇటుకలు, ఎత్తైన కమానులు, మధ్యలో పచ్చిక. న్యూఢిల్లీలో తొలి అపార్టుమెంట్ల సముదాయంగా దాన్ని చెబుతారు. కాని అవి కలిగినవారి ఇళ్లు. చిరుద్యోగి జీతానికి, ప్రభుత్వ ఖజానా బరువుకి సరిపడే ఇళ్లు వేలకు వేలు కావాలి. ఆ సమస్య మన ఒక్క దేశానిదే కాదు. 1954లో ఢిల్లీలోనే తక్కువ ఖర్చు ఇళ్ల మీద ఒక అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది.

సీపీడబ్ల్యూడీ నగరానికి దక్షిణంగా కాలనీ తరువాత కాలనీ కట్టుకుంటూ పోయింది. ఒకప్పుడు వినయ్ నగర్ అని పిలిచిన ప్రాంతమే తరువాత సరోజినీ నగర్, నేతాజీ నగర్, లక్ష్మీబాయి నగర్, నౌరోజీ నగర్ అయింది. ఆపైన మునీర్కా, మొహమ్మద్‌పూర్ వంటి పల్లెల పొలాల మీద రామకృష్ణ పరమహంస పేరుతో రామకృష్ణపురం లేచింది. మనం ఆర్.కె.పురం అంటున్నది దాన్నే. ఒక రైతు గోధుమ పండించిన చేలో ఇవాళ ఇంకొకరి పిల్లలు హోంవర్కు చేసుకుంటున్నారు. ఈ మాట కూడా మనం మరవకూడదు.

ఈ కాలనీలన్నీ రెహమాన్ ఒక్కరే గీశారని అనుకోకండి. ఆ శాఖలో ఎందరో వాస్తుశిల్పులూ ఇంజనీర్లూ డ్రాఫ్ట్స్‌మెన్‌లూ ఉన్నారు. చాలామంది పేర్లు ఫైళ్లలోనే ఉండిపోయాయి. రెహమాన్ చేతిలో రూపుదిద్దుకున్నవాటిలో ఆర్.కె.పురంలోని బహుళ అంతస్తుల ఫ్లాట్లూ, ఆనాటి కర్జన్ రోడ్డు అయిన నేటి కస్తూర్బా గాంధీ మార్గ్ మీది ఎత్తైన ఫ్లాట్లూ పేరుపొందాయి. రెండూ 1960లలోవే. నేల మీద విడివిడిగా పరుచుకునే ఇళ్ల బదులు ఎత్తుగా కట్టి, చుట్టూ నేలను చెట్లకూ పిల్లల ఆటలకూ వదలడం వాటి ఆలోచన. నాలుగో ఐదో అంతస్తు మించి ఉండడం ఢిల్లీ కుటుంబాలకు అప్పట్లో కొత్త.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లల చదువు పాడవకూడదని కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ స్కూళ్లు తెరిచింది 1963లో. సైన్యానికి చెందిన 20 పాఠశాలలతో మొదలైన ఆ ఏర్పాటే నేటి కేంద్రీయ విద్యాలయాలు. అంటే ఉద్యోగి పిల్లలకు ఒక బడి, కుటుంబానికి ఒక ఇల్లు అన్న రెండు ఆలోచనలూ ఒకే దశకంలో పక్కపక్కన పెరిగాయి. మీరు ఆ రెండింటి మధ్యా రోజూ నడుస్తున్నారు.

ఎండను లెక్కగట్టిన ఇల్లు

తక్కువ డబ్బులో మంచి ఇల్లు ఎలా సాధ్యం? పాలరాయి పరచలేరు, ఏసీలు పెట్టలేరు. ఆ కాలపు వాస్తుశిల్పులు గాలినీ ఎండనీ పనిలో పెట్టుకున్నారు. ఎదురెదురు గోడల్లో కిటికీలు పెడితే ఇటు వచ్చిన గాలి అటు పోతుంది. మెట్ల పక్కన గోడకు బదులు జాలీ పెడితే గాలీ వెలుతురూ వస్తాయి, వాన జల్లు తగ్గుతుంది. బాల్కనీ బట్టలారేయడానికీ, చలికాలం వేరుశనగకాయలు వలుచుకుంటూ కూర్చోవడానికీ పనికివస్తుంది.

సజ్జ సంగతి లెక్క కట్టి చూద్దాం. ఢిల్లీ సుమారు 28.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ నెలాఖరు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 85 డిగ్రీల ఎత్తున, అంటే ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు నెలాఖరు మధ్యాహ్నం 38 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. దక్షిణం వైపు కిటికీ మీద 2 అడుగుల సజ్జ వేశారనుకోండి. వేసవి మధ్యాహ్నం దాని నీడ 20 అడుగులకు పైగా కిందికి దిగుతుంది. కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. చలికాలం మధ్యాహ్నం అదే సజ్జ నీడ అడుగున్నర దగ్గరే ఆగిపోతుంది. మిగతా కిటికీలోంచి ఎండ గదిలోకి వచ్చి నేలను వెచ్చబరుస్తుంది. కరెంటు లేదు, మీట లేదు. రెండడుగుల కాంక్రీటు పలక వేసవిలో ఎండను బయట నిలబెట్టి, చలికాలంలో లోపలికి రానిస్తుంది. పదో తరగతివారు త్రికోణమితితో ఈ లెక్క సరిచూసుకోవచ్చు.

ఈ సజ్జనే ఇక్కడివారు ఛజ్జా అంటారు. ఫతేపూర్ సిక్రీలో, హుమాయూన్ సమాధిలో, ఇంకా పాత హవేలీల్లో దాన్ని చూడొచ్చు. అమెరికాలో నేర్చుకున్న సాదా గీతలకు రెహమాన్ ఈ పాత తెలివిని జతచేశారు. కాని ఆ పని ఆయన మొదటి రోజునుంచీ చేయలేదు. దాని వెనుక ఒక కథ ఉంది.

తిప్పి పంపిన నమూనా

1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. ఆ సందర్భానికి సాహిత్య అకాడెమీ, సంగీత నాటక అకాడెమీ, లలిత కళా అకాడెమీ మూడింటికీ కలిపి మండీ హౌస్ కూడలిలో ఒక భవనం కట్టాలనుకున్నారు. రెహమాన్ అప్పటికే ఢిల్లీలో డాక్ తార్ భవన్, విశ్వవిద్యాలయ నిధుల సంఘం భవనం వంటివి గీసి ఉన్నారు. పెట్టెలాంటి సూటి ఆకారాలు, వరస కిటికీలు; గ్రోపియస్ శిష్యుడి గీత అని చూడగానే తెలిసేవి. రవీంద్ర భవనానికీ ఆయన మొదట అలాంటి నమూనానే తయారుచేశారు.

నెహ్రూ దాన్ని ఒప్పుకోలేదు. ఠాగూర్ ఆత్మ అందులో కనబడడం లేదని ఆయన ఉద్దేశం. దేశ ప్రధానే తిప్పి పంపిన నమూనా అంటే ఏ ఉద్యోగికైనా మనసు కుంగుతుంది. రెహమాన్ మళ్లీ మొదటినుంచి ఆలోచించారు. పాత ఢిల్లీ కట్టడాలు ఎండనూ వాననూ ఎలా ఎదుర్కొన్నాయో చూశారు. వెడల్పైన సజ్జలు, జాలీలు, రాతి గోడలు, మూడువైపులా చాచిన రెక్కలలాంటి భాగాలు, పక్కన విడిగా చిత్రశాల, నాటకశాల, మధ్య చెట్లు ఉన్న ఖాళీ చోటు. ఇలా వచ్చిన రెండో నమూనాయే నేటి రవీంద్ర భవన్. తన పనుల్లో ఇది మేలుమలుపు అని తరువాతి వాస్తుశిల్పులు భావిస్తారు. ఈసారి మీరు పుస్తక ప్రదర్శనకో నాటకానికో మండీ హౌస్ వెళ్తే, లోపలికి పోయే ముందు ఒక్క నిమిషం బయట నిలబడి ఆ సజ్జలు చూడండి.

ఇంట్లో కూచిపూడి

మన తెలుగువారికి ఈ కథలో ఒక దగ్గరి చుట్టరికం ఉంది. రెహమాన్ 1945లో ఇంద్రాణిని పెళ్లాడారు. ఆమె మద్రాసులో పుట్టిన నర్తకి. తల్లి రాగిణీ దేవి అమెరికాలో పుట్టి, భారతీయ నృత్యం కోసం జీవితం అంకితం చేసినావిడ. ఇంద్రాణీ రెహమాన్ 1952లో మిస్ ఇండియాగా ఎన్నికయ్యారు. కాని చరిత్రలో ఆమె స్థానం నాట్యంవల్ల వచ్చింది. ఆమె భరతనాట్యం, ఒడిస్సీతో పాటు మన కూచిపూడి నేర్చుకున్నారు. నేర్పిన గురువు కోరాడ నరసింహారావు. కృష్ణా జిల్లా కూచిపూడి అగ్రహారంలో తరతరాలుగా మగవారే ఆడుతూ వచ్చిన ఆ నాట్యాన్ని ఇంద్రాణి ఢిల్లీ వేదికలకూ విదేశీ వేదికలకూ తీసుకెళ్లారు.

ఒకే ఇంట్లో ఒకరు కాగితం మీద గోడలు గీస్తున్నారు, ఇంకొకరు పాదాలతో నేల మీద గీస్తున్నారు. ఇద్దరూ పాతదాన్ని కొత్త కాలానికి ఎలా నప్పించాలి అన్న ప్రశ్నతోనే కుస్తీ పట్టారు. బెంగాలీ ముస్లిం ఇంటి అబ్బాయి, అమెరికన్ తల్లి బిడ్డ, కృష్ణా జిల్లా గురువు. ఆనాటి ఢిల్లీ ఇలాంటి కలయికలకు చోటిచ్చిన ఊరు. మీ తరగతి హాజరుపట్టీ చదివినా ఇలాంటి కలయికే వినబడుతుంది.

రాష్ట్రపతికి నీడ, గుమస్తాకు నీడ

ఢిల్లీలో మూడు ముఖ్యమైన సమాధులు రెహమాన్ గీసినవే. మొదటిది 1958లో మరణించిన తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలామ్ ఆజాద్‌ది. జామా మసీదు ఎదుట నాలుగు దిక్కులకూ తెరిచిన పలుచని కాంక్రీటు కమాను కింద ఉంటుంది. రెండోది డాక్టర్ జాకిర్ హుసేన్‌ది. ఆయన 1897లో హైదరాబాదులో పుట్టారు. ఉపాధ్యాయుడిగా జీవితం గడిపి రాష్ట్రపతి అయ్యారు. 1969లో పదవిలో ఉండగానే కన్నుమూశారు. జామియా మిల్లియా ప్రాంగణంలో ఉన్న ఆయన సమాధి గోడలు తుగ్లక్ కాలపు కట్టడాల్లాగా కాస్త లోపలికి వాలి ఉంటాయి. మూడోది 1977లో పదవిలోనే మరణించిన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌ది. అందులో బరువైన గోడలే లేవు. పలుచని చట్రమూ జాలీలే.

వీటిని చూసి క్వార్టర్లను చూస్తే ఒక విషయం తెలుస్తుంది. సమాధులకు రాయీ పాలరాయీ దొరికాయి, క్వార్టర్లకు ఇటుకా సిమెంటే దొరికాయి. ఎండ తగలకుండా గాలి ఆడేలా చేయడం అనే బుద్ధి మాత్రం రెండుచోట్లా ఒకటే.

క్వార్టర్లలో లోపాలు లేవని మేము చెప్పడం లేదు. గదులు చిన్నవి. పై అంతస్తు మే నెలలో పెనంలా కాలుతుంది. వేలకొద్దీ ఇళ్లు ఒకేలా ఉండడం వల్ల చిన్నపిల్లలు పక్క బ్లాకులో తలుపు తట్టడం మామూలే. జీతాన్నిబట్టి ఇంటి టైపు నిర్ణయించే పద్ధతి పిల్లల ఆటల్లోకి కూడా చొరబడుతుంది. నీది టైపు ఎంత అని అడిగే పిల్లలు మీకూ తెలిసే ఉంటారు. ఆ పద్ధతి వాస్తుశిల్పి చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నది కిటికీ, సజ్జ, మెట్లు, చెట్టుకు వదిలిన చోటు. వాటి మీద ఎంత శ్రద్ధ పెట్టాడన్నదే అతని పరీక్ష.

రెహమాన్‌కు 1955లో పద్మశ్రీ, 1974లో పద్మభూషణ్ వచ్చాయి. 1970 నుంచి 1974 దాకా ఆయన సీపీడబ్ల్యూడీ ముఖ్య వాస్తుశిల్పి. ఆ తరువాత మూడేళ్లు రాజధాని కట్టడాల తీరుతెన్నులు చూసే ఢిల్లీ అర్బన్ ఆర్ట్ కమిషన్‌కు కార్యదర్శి. 1995లో తన 80వ ఏట కన్నుమూశారు. సొంత కంపెనీ పెట్టి డబ్బు గడించే దారి వదిలి, జీవితమంతా ప్రభుత్వ ఫైళ్లూ, బడ్జెట్ పరిమితులూ, పై అధికారుల సంతకాల మధ్యే ఇంత పని చేశారు. ప్రభుత్వోద్యోగుల పిల్లలైన మీకు ఈ మాట బరువు తెలుస్తుంది.

కూలుతున్న ఇళ్లు

ఈ జీవితం మీకు ఇప్పుడే ఎందుకు చెబుతున్నామంటే, ఆ కాలపు ఇళ్లు మన కళ్ల ముందే పోతున్నాయి. 2016లో కేంద్ర మంత్రివర్గం ఢిల్లీలోని ఏడు ప్రభుత్వ కాలనీలను కూల్చి తిరిగి కట్టడానికి అనుమతించింది. సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్, కస్తూర్బా నగర్, త్యాగరాజ్ నగర్, శ్రీనివాస్‌పురి, మొహమ్మద్‌పూర్ ఆ ఏడు. అక్కడున్న 12,970 ఇళ్ల స్థానంలో సుమారు 25,667 ఇళ్లు రావాలన్నది ప్రణాళిక. 2018లో అక్కడి చెట్లు నరకడాన్ని జనం అడ్డుకున్నారు. ఢిల్లీ హైకోర్టు ఆ నరికివేతను ఆపింది.

కూల్చాలనేవారి మాటలోనూ నిజం ఉంది. పాత క్వార్టర్ల పైకప్పులు కారుతున్నాయి, పెచ్చులు ఊడుతున్నాయి. ఇల్లు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఉద్యోగులు ఉన్నారు. నగరంలో నేల పెరగదు కాబట్టి ఎత్తుగా కట్టక తప్పదు; ఎత్తుగా కట్టడం రెహమాన్ కూడా చేసిన పనే. పోనివ్వకూడదనేవారి మాటలోనూ నిజం ఉంది. అరవై ఏళ్ల వేపచెట్టును అరవై ఏళ్లకు తప్ప తిరిగి తేలేం. కొత్త మేడ ఎండను లెక్కగట్టకుండా ఏసీ మీదే ఆధారపడితే, పాత ఇటుక గోడకు ఉన్న తెలివి దానికి లేనట్టే. కాబట్టి అసలు ప్రశ్న పాతదా కొత్తదా అన్నది కాదు. కొత్త ఇల్లు గీసేవారు అందులోకి రాబోయే ముక్కూమొహం తెలియని కుటుంబం గురించి అంత శ్రద్ధగా ఆలోచించారా అన్నది ప్రశ్న.

సొంత ఇల్లు కట్టేవాడికి అందులో ఎవరుంటారో తెలుసు. క్వార్టరు గీసేవాడికి తెలియదు. అందులోకి ఒడిశా కుటుంబం రావచ్చు, మూడేళ్లకు మణిపురి కుటుంబం, ఆ తరువాత మన శ్రీకాకుళం కుటుంబం. ఒకరు తులసికోట పెడతారు, ఒకరు నమాజు చాప పరుస్తారు, ఒకరు బాల్కనీలో ఊరగాయ జాడీ ఎండబెడతారు. అందరికీ ఒకే కిటికీ పనికిరావాలి. ఇది చిన్న పని కాదు. బదిలీల మీద తిరిగే మన ఇళ్లు మనవి కావని బాధపడతాం గాని, మన పేరు కూడా తెలియకుండానే మనకోసం ఆలోచించినవారు ఉన్నారని రెహమాన్ జీవితం చెబుతుంది.

మీకు ఒక చిన్న పని ఇస్తున్నాం. వచ్చే బదిలీ రాకముందే మీ క్వార్టరు పటం ఒక కాగితం మీద గీయండి. ఉత్తర దిక్కు బాణం గుర్తు పెట్టండి. ఏ కిటికీలోంచి గాలి వస్తుందో, డిసెంబరు ఎండ ఎక్కడిదాకా పడుతుందో, సజ్జ ఎన్ని అడుగులుందో కొలిచి రాయండి. గుమ్మం, గడప, సజ్జ, పిట్టగోడ, గూడు, అటక అని భాగాల పేర్లు తెలుగులోనే రాయండి. తెలియని మాటలు అమ్మమ్మనో తాతయ్యనో ఫోనులో అడగండి. మంచి పటాలను తరగతి గోడ మీద పెడదాం. వాటిలో కొన్ని ఇళ్లు మరో పదేళ్లకు ఉండకపోవచ్చు. అప్పుడు ఆ ఇళ్ల పటాలు మీ దగ్గర ఉంటాయి.